రోజుకో నొక్కు

జరిగినదానికి ఎవరి మీద కోప్పడాలో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తయ్య మీద కోప్పడదామంటే మనసు రాదు. ఆ కంపెనీ మీద కోప్పడదామంటే అక్కడ మనిషన్నవాడే లేడు. ఇక మిగిలింది నేను. నన్ను నేను రోజూ తిట్టుకుంటూనే ఉన్నాను, దానివల్ల ఒరిగిందేమీ లేదు.

మా మామయ్య దర్జీ. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు కాలర్లు కుట్టారు. అరవై ఏడో ఏట మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఒకరోజు పాల ప్యాకెట్టు కోసమని వెళ్ళి సాయంత్రందాకా తిరిగి రాలేదు. చేతిలోని సంచి మీద మా వీధి మందుల షాపు పేరుంటే, అది చూసి ఎవరో పుణ్యాత్ముడు తెచ్చి దింపాడు. మర్నాడే అత్తయ్య మా ముందుగదిలో ఒక బల్ల వేయించింది. ఇలాంటి పెద్దవాళ్ళున్న ఇళ్ళను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని, ఏడాది తిరిగేసరికి అరవై కుటుంబాలను కూడగట్టి సంస్థ పెట్టేసింది. పెద్దవాళ్ళ చేతికి ఫోన్ నంబరు కుట్టిన గుడ్డ పట్టీ, చొక్కా కాలరు లోపల అదే నంబరుతో చిన్న గుడ్డముక్క. ఎవరికి దొరికినా ఆ నంబరుకు ఫోన్ చేస్తే మేం వెళ్ళి తెచ్చుకుంటాం. ఆ ఫోను నా బల్ల మీద ఉంటుంది. ఎత్తేది నేను. కోడలిగా వచ్చినందుకు నాకు దక్కిన ఉద్యోగం అది.

అరవై ఇళ్ళకూ పనికొచ్చిన పట్టీ మా ఇంట్లో మాత్రం పనికిరాలేదు. మామయ్యకు కుట్టు కనబడితే చాలు, విప్పేస్తారు. జబ్బు పేర్లన్నీ పట్టుకుపోయింది, మా ఆయన పేరుతో సహా. చేతిలోని పని మాత్రం వదిలిపెట్టింది. గోటితో దారం కొస దొరకబుచ్చుకుని, గుడ్డ చిరగకుండా పోగు పోగూ లాగేసి, మళ్ళీ కుట్టడానికి సిద్ధంగా మడతపెట్టి పెడతారు. అత్తయ్య వారానికి రెండుసార్లు కుట్టేది, ఆయన మూడుసార్లు విప్పేవారు.

పట్టీ లేని మనిషి ఎవరికైనా దొరికితే వాళ్ళేం చేస్తారు? ఫోన్ తీసి వెతుకుతారు. 'పేరు చెప్పలేని పెద్దాయన దొరికాడు, ఎవరికి చెప్పాలి' అని. అలా వెతికినప్పుడు పైన మన నంబరు కనబడాలి. అందరూ ఏదో ఒకటి వెతుక్కునే ఆ పెద్ద కంపెనీ, సేవాసంస్థలకు ప్రకటనలు ఉత్తపుణ్యానికే ఇస్తుందని తెలిసి, మూడు నెలలపాటు ఫారాలు నింపాను. మాకో వెబ్ పేజీ తయారు చేశాను. దాని కింద విరాళాల బటను కూడా పెట్టాను. పట్టీల గుడ్డకూ దారానికీ సరిపడా అదీ తెచ్చిపెట్టేది. ప్రకటన వాక్యం రాసింది నేనే: "దారి తప్పిన పెద్దవారు కనిపించారా? ఇంటికి చేర్చే బాధ్యత మాది. వెంటనే ఫోన్ చెయ్యండి."

మొదటి నాలుగు నెలల్లో ఆ ఒక్క వాక్యం పదకొండుసార్లు పెద్దవాళ్ళను ఇంటికి చేర్చింది. అందులో రెండుసార్లు వచ్చింది మామయ్యే.

దానికో షరతుంది. ప్రకటన చూసిన ప్రతి వందమందిలో కనీసం ఐదుగురు దాన్ని నొక్కాలి. లేకపోతే ఖాతా తీసేస్తారు. ఐదో నెలలో లెక్క నాలుగుకు పడిపోయింది. నేను తల పట్టుకు కూర్చున్నాను.

"ఏమైందే, అలా మొహం వేలాడేశావ్?" అంది అత్తయ్య.

"నూటికి నలుగురే నొక్కారు అత్తయ్యా. ఐదుగురు నొక్కకపోతే ప్రకటన పీకేస్తారట."

"ఓస్, ఇంతేనా! నొక్కేవాళ్ళకి కరువా మనకి?"

అప్పుడే ఫోన్ మోగింది. ఎవరో ముసలమ్మ పార్కులో దొరికిందట. నేను ఆ హడావుడిలో పడిపోయాను. ఆవిడ అన్న మాటకు అర్థమేమిటని అడగలేదు. ఆ ఒక్క నిమిషం ఆగి అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

కుటుంబాలవాళ్ళందరి ఫోన్ గ్రూపు అత్తయ్య చూసుకునేది. నేను అందులో లేను. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆవిడ అందులో ఒక మాట పెట్టింది: "నొక్కారా?" ఎలా వెతకాలో, ఏది నొక్కాలో ముందే అందరికీ నేర్పింది. ఇంటికి ఎంతమందుంటే అంతమందీ, కాఫీ తాగేముందు తలా ఒక నొక్కు. "నొక్కాం అక్కా", "మా పిల్లలు కూడా నొక్కారు పిన్నీ", "మావారు ఊళ్ళో లేరు, ఆయన వంతు కూడా నేనే నొక్కేశా" అని జవాబులు. మంచంలో ఉన్న ఒక పెద్దమ్మ చేత కూడా వేలు పట్టుకుని నొక్కించారట. మాకు ఇంకే సాయమూ చెయ్యలేనివాళ్ళు ఇది చెయ్యగలిగామని మురిసిపోయారు.

ఆ నెల లెక్క నూటికి నలభై ఒకటి. నేనెంత మొద్దునో చూడండి, ఎగిరి గంతేశాను. నా వాక్యంలోనే ఏదో మహిమ ఉందనుకున్నాను. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే కూర్చోబెట్టి మరీ గొప్పలు చెప్పాను.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ ఖాతాలో అసహజమైన నొక్కులు గుర్తించాం. ఖాతా నిలిపివేయబడింది.'

"అత్తయ్యా! ఎవరో మన ప్రకటనని పనిగట్టుకుని నొక్కారట!"

"ఎవరో ఏమిటే, మనవాళ్ళే! రోజూ నూట డెబ్భై మంది. ఒక్కరోజు కూడా తప్పలేదు తెలుసా?"

ఆ మొహంలో ఎంత గర్వమో. పిల్లకు మొదటి ర్యాంకు వచ్చినంత సంబరంగా చెప్పింది. నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. "ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని? మనది మనమే నొక్కుకుంటే మోసం కింద లెక్క!" అని అరిచాను. ఆవిడ నవ్వు అలాగే ఉండి, మెల్లగా ఆరిపోయింది. "మోసమా? ప్రేమగా నొక్కితే కూడానా?" అంది.

తిరిగి ఇమ్మని అడగడానికి ఒక ఫారం ఉంది. 'కారణం ఎంచుకోండి' అంటుంది. పోటీదారు పని, పాత ఉద్యోగి పని, దొంగ చొరబాటు, ఇతరములు. మా అత్తయ్య అనే కారణం ఆ జాబితాలో లేదు. ఇతరములు నొక్కి, మూడువందల అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాశాను. నాలుగు నిమిషాల్లో ఆరు వాక్యాల జవాబు వచ్చింది, మీరిచ్చిన వివరాలు సరిపోవు అని. మళ్ళీ రాశాను, మళ్ళీ జవాబు వచ్చింది. అవే ఆరు వాక్యాలు. ఫోన్ చేస్తే ఒక రికార్డు గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి మొదటికే తెచ్చేది.

పదోసారి అత్తయ్య నా పక్కన కుర్చీ వేసుకుంది.

"నేను చెప్తా, నువ్వు కొట్టు. అయ్యా, తప్పు నాది. నా కోడలికేం తెలీదు. తెలిసుంటే చెయ్యనిచ్చేది కాదు. శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యండి, ప్రకటన మాత్రం ఇచ్చెయ్యండి. మావారికి విప్పే అలవాటు."

"చివరి మాట వాళ్ళకి అర్థం కాదు అత్తయ్యా."

"చదివేవాడికి ఒక తండ్రి ఉండడా? అర్థమవుతుంది, రాయి."

రాశాను. ఆవిడ తెరవైపే చూస్తూ కూర్చుంది. నాలుగు నిమిషాల్లో అవే ఆరు వాక్యాలు. ఆవిడ వాటిని రెండుసార్లు చదివి, "చదవలేదు కదూ?" అంది. లేచి లోపలికి వెళ్ళి మామయ్య పట్టీ కుట్టడం మొదలుపెట్టింది. ఈసారి రెండు వరసలు కుట్టింది.

బుధవారం పొద్దున్న పదిన్నరకు నేను ఆ రికార్డు గొంతుతోనే ఉన్నాను. అత్తయ్య స్నానానికి వెళ్ళింది. 'మీ సమయం మాకు విలువైనది' అంటోంది ఆ గొంతు. నా వెనక తలుపు చప్పుడైంది. గాలి అనుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత లైను కట్ అయ్యాక తిరిగి చూస్తే మామయ్య కుర్చీ ఖాళీగా ఉంది. కుట్టుమిషను మీద పట్టీ, కాలరు గుడ్డముక్క ఒకదాని మీద ఒకటి మడతపెట్టి ఉన్నాయి. రెండు వరసల దారమూ పక్కనే చిన్న ఉండగా చుట్టి ఉంది.

పోలీసులకు చెప్పాం, ఆస్పత్రులు తిరిగాం. అరవై కుటుంబాలూ వీధుల్లో పడ్డాయి. పొద్దున్నే నొక్కిన ఆ చేతులే ఆయన ఫొటో కాగితాలు గోడలకు అంటించాయి. మూడో రోజున మా ఆయనా నేనూ బస్టాండులో టీకొట్టాయనకు కాగితం ఇచ్చాం. ఆయన చూడగానే నవ్వాడు.

"ఈయనా? బుధవారం నేనే కదమ్మా బస్సెక్కించింది! ఇల్లు చేరలేదా?"

మా ఆయన అడిగాడు, ఎక్కడికి ఎక్కించారని.

"యూనిఫారాల ఫ్యాక్టరీ ఉన్న ఊరికి. తన పేరేంటంటే చెప్పడు. యూనిఫారాల ఫ్యాక్టరీకి టైమైపోయింది, ఆలస్యమైతే జీతం కోస్తారు అని ఒకటే గోల. గంటసేపు కూర్చోబెట్టి టీ ఇచ్చా. ఫోన్లో కూడా వెతికానమ్మా, పేరు మర్చిపోయిన పెద్దాయన దొరికితే ఎవరికి చెప్పాలి అని. జ్ఞాపకశక్తి మాత్రలు వచ్చాయి, మోకాళ్ళ నొప్పుల నూనె వచ్చింది. ఇంకేం రాలా. మనిషి చూస్తే కంగారుపడిపోతున్నాడు. పోనీ పాపం అని టికెట్టు కూడా నేనే తీశా." ఆయన మా మొహాలు మార్చి మార్చి చూశాడు. "ఏమ్మా, తప్పు చేశానా?"

"లేదన్నా, మంచిపనే చేశారు," అన్నాడు మా ఆయన. అని, ఆ ఊరికి తర్వాతి బస్సెప్పుడని అడిగాడు.

ఎవరైనా వెతుకుతారని నేను ఊహించిన మాటలనే ఇంచుమించు ఆ కొట్టాయన వెతికాడు. పై వరసలో మా నంబరు ఉండి ఉంటే మామయ్య మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేవారు.

ఆ ఊరు రెండు గంటల దారి. ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడది సిమెంటు గోడౌను. కాపలావాడు గుర్తుపట్టాడు. "గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల మిషన్లు లేవేంటి అని అడిగాడు. మూసేశారయ్యా అన్నా. 'మరి మావాళ్ళంతా ఎటు పోయారు' అన్నాడు. ఏమో తెలీదన్నా. వెళ్ళిపోయాడు." ఎటు వైపని అడిగితే, అప్పుడే లారీ వచ్చిందని, చూడలేదని చెప్పాడు. అక్కడితో జాడ తెగిపోయింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

మామయ్య వెళ్ళిన పద్నాలుగో రోజు మధ్యాహ్నం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. 'అభినందనలు! మీ ఖాతా పునరుద్ధరించబడింది. మీ సేవలు కొనసాగించండి.' ఎందుకు ఇచ్చారో లేదు, ఎవరు చదివారో లేదు. నేను వెతికి చూశాను. పై వరసలో మా వాక్యం ఏమీ జరగనట్టు నిలబడి ఉంది. గట్టిగా ఏడవాలనిపించింది గానీ, ముందు అత్తయ్యను పిలిచాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క మాటా చదివింది. అలవాటుగా వేలు తెరదాకా వెళ్ళింది. మధ్యలో ఆగిపోయింది.

"నొక్కకూడదు కదే?"

"వద్దు అత్తయ్యా."

తలూపి, తన ఫోన్ తీసుకుని లోపలిగదిలోకి వెళ్ళిపోయింది. నిమిషం తర్వాత నా బల్ల మీద ఫోన్ మోగింది. చూస్తే అత్తయ్య నంబరు. గుమ్మంలోంచి ఆవిడ వీపు కనబడుతోంది, మంచం అంచున కూర్చుని, ఫోన్ రెండు చేతులతో చెవికి ఆనించుకుని ఉంది. ఎత్తాను.

"చెప్పండి," అన్నాను, అందరితో అన్నట్టే.

"మా ఆయన కనిపించట్లేదండీ."

పదేళ్ళుగా నన్ను ఏమే, ఒసేయ్ అని తప్ప పిలవని మనిషి అండీ అంది. నేను సొరుగు లాగి ఫారం తీశాను. పేరు అడిగాను, చెప్పింది. రాసుకున్నాను. వయసు అడిగాను. ఏం బట్టలు వేసుకున్నారని అడిగాను. నీలం గళ్ళ చొక్కా అంది, పై గుండీ తనే కొత్తగా కుట్టానంది. గుర్తులు అడిగాను. కుడి చూపుడువేలి గోటి కింద సూది దిగిన మచ్చ అంది.

"చేతికి పట్టీ ఉందా అండీ?"

"లేదండీ. కుడతాను, విప్పేస్తారు."

ఫారంలో ఇంక గళ్ళు లేవు. ఆవిడ అటునుంచి, అందరూ చివర్లో అడిగేదే అడిగింది.

"ఇంటికి చేర్చే బాధ్యత మీదని రాశారు. తీసుకొస్తారు కదండీ?"

రాసింది నేనే. "తీసుకొస్తామండీ," అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.