తెర మీది చెయ్యి

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, ఇవి కాస్త గీసిపెట్టు" అన్నాడు భర్త ప్లామెన్, జోర్నిత్సా పొయ్యి మీద చిక్కుడుగింజల సూప్ కలుపుతుంటే. అంటే ఒక చేత్తో గరిటె తిప్పుతుంటే రెండో చెయ్యి ఖాళీ అన్నమాట. అదీ ఆ మహానుభావుడి లెక్క! రెండు చలికాలాల కిందటి మాటది. అప్పట్నుంచి ఆమె సాయంత్రాలన్నీ వంటింటి బల్ల దగ్గర ఎక్స్‌రేలతోనే గడిచాయి. అతని క్లినిక్కుకి రాబోయే కొత్త యంత్రం చిగుళ్ళ జబ్బుని పసిగట్టడం నేర్చుకోవాలంటే, పంటి పక్కన ఎముక ఎంతవరకు కరిగిందో ముందు ఎవరో ఒకరు గీత గీసి చూపించాలి. ఎవరా ఒకరు? ప్లామెన్‌తో పాటే దంతవైద్యం చదివి, కొడుకు పుట్టాక కొన్నాళ్ళంటూ మానేసి, ఆ కొన్నాళ్ళలోనే జుట్టు నెరిసిన జోర్నిత్సా.

"యంత్రం వచ్చాక నీకూ ఓ కుర్చీ వేయిస్తాను, మళ్ళీ పేషెంట్లని చూద్దువుగాని" అన్నాడు. యంత్రం వచ్చింది. "ఇదుండగా ఇంకో డాక్టరెందుకు?" అన్నాడు. వాళ్ళిద్దరికీ పాఠాలు చెప్పిన పెద్దాయన డాక్టర్ గెనాది కనిపించినప్పుడల్లా "నా క్లినిక్కులో కుర్చీ ఖాళీగా ఉందమ్మా, వస్తావా?" అని అడిగేవాడు. ఆమె నోరు తెరిచేలోపే "తనకి ఇంటిపనే సరిపోతుంది గురువుగారూ" అని ప్లామెన్ జవాబిచ్చేవాడు. వెళ్ళాలని ఆమెకి ప్రాణం కొట్టుకునేది.

ఆ శనివారం దాన్యూబ్ నది మీంచి పొగమంచు లేచి రూసె ఊరంతా కమ్మేసింది. పట్టపగలే దీపాలు. యంత్రాన్ని చూపించడానికి ప్లామెన్ ఇంటి కిందే ఉన్న తన క్లినిక్కుకి తోటి డాక్టర్లని పిలిచాడు. అతని తల్లి కూడా చూడ్డానికి దిగివచ్చింది.

"వేలికి తెలిసేది ఈ పెట్టెకేం తెలుస్తుందయ్యా?" అని గెనాది పెదవి విరిచాడు.

"ఇప్పుడే చూపిస్తాగా. జోర్నిత్సా, ఆ కాఫీ అక్కడ పెట్టి వచ్చి కూర్చో."

ఎక్స్‌రే తీశాడు. దీపం ఆర్పాడు. చీకట్లో తెర మీద ఆమె దవడ తెల్లగా వెలిగింది. పెదవులు లేని పళ్ళు తనవైపే చూసి నవ్వుతున్నట్టున్నాయి. ఎడమ వైపు నుంచి ఎముక అంచు వెంట సన్నటి గీత బయల్దేరింది.

జోర్నిత్సా తెరని పరకాయించి చూసింది. ఒక్కో పన్ను దాటేటప్పుడు ఆ గీత చివర కాస్త పైకి లేచి, చిన్న తోకలా వంగుతోంది. అది ఆమె అలవాటు. అలా గీసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఒళ్ళోకి చూసుకుంది. రెండు చేతులూ అక్కడే ఉన్నాయి, చల్లగా. మరి తెర మీద గీస్తున్నదెవరు? గట్టిగా పిడికిలి బిగించింది. గీత ఆగలేదు. తన చేతిని ఎవరో మణికట్టు దగ్గర కోసి పట్టుకెళ్ళి ఆ పెట్టెలో పెట్టుకున్నట్టనిపించి భయం వేసింది.

కుడివైపు కింది దవడపన్ను దగ్గర గీత ఒక్కసారిగా లోతుకి జారి ఎర్రబడింది.

ప్లామెన్ గబగబా దీపం వేశాడు. "యంత్రమన్నాక ఒకటీ అరా తప్పులు చేస్తుంది. డాక్టరు భార్యకి చిగుళ్ళ జబ్బేమిటి!"

"నలుగురిలో పరువు తీశావు కదే" అని అత్తగారు స్తోయాంకా గొణిగింది. "పళ్ళు తోముకునే తీరికా లేదూ?"

నిజమే, లేదు. నెలల తరబడి బ్రష్షుకి నెత్తురు అంటుతూనే ఉంది. ఊరందరి ఎముకలూ గీసిన మనిషి తన నోరు మాత్రం చూసుకోలేదు. పక్కనే పడుకునే డాక్టరు అసలే చూడలేదు. జోర్నిత్సా చేతి అద్దం తీసుకుంది. చిగురు లోతు కొలిచే, గీతలున్న సన్నటి పుల్లని ఆ పంటి పక్కన ఆనించింది. అది అడ్డు లేకుండా లోపలికి దిగిపోయింది. నెత్తురు చిమ్మింది.

గెనాది వంగి చూశాడు. "ఏడు మిల్లీమీటర్లు! మూడు దాటకూడదే. పెట్టె చెప్పింది నిజమేనయ్యా."

"చూశారా!" ప్లామెన్ మొహం వెలిగిపోయింది. "చెప్పానా, నా యంత్రం తప్పు చెయ్యదని?"

నొప్పిగా ఉందా అని ఒక్కరూ అడగలేదు.

ఆమె నోరు తుడుచుకుంది. "తప్పైతే యంత్రానిది, నిజమైతే నీదా? ఆ గీత నాది ప్లామెన్. ఇకనుంచి నేను గీయను."

"గీయకు" అన్నాడతను, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఇక నీ అవసరమేముంది? నీకు తెలిసిందంతా అది నేర్చేసుకుంది."

విచిత్రం, ఆమెకి ఏడుపు రాలేదు. తన నుంచి అతనికి కావలసిందంతా ఆ పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఇక మిగిలిన జోర్నిత్సాతో ఈ ఇంట్లో ఎవరికీ పని లేదు.

"గురువుగారూ, సోమవారం వస్తున్నాను" అంది. "ముందు నా చిగురు చూద్దురుగాని. తర్వాత నా కుర్చీ ఏదో చూపించండి."