మామగారి పేరులోని మాట

చనిపోయినవాళ్లు పెట్టిన షరతును బతికున్నవాళ్లు ఎందాకా మోయాలి? టీలోకి చేసిన స్కోన్ రొట్టెలను రెండుగా చీల్చి వెన్న రాస్తూ హ్లెంగివే తనను తాను అడుగుతున్నది ఇదే. ముందుగదిలో ఆమె భర్త బెకిజిత వీధి ఇళ్ల యజమానుల సంఘాన్ని కూర్చోబెట్టుకుని ఉన్నాడు. సంఘానికి అధ్యక్షుడు ఆయనే. టీ ఎవరు పెట్టాలన్నది ఆ సంఘంలో ఎన్నడూ చర్చకు రాలేదు.

డర్బన్ కొండవాలున ఉన్న ఆ వీధిలో ప్రతి స్థలం దస్తావేజులోనూ ఒక పాత షరతు ఉంది: స్థలానికి ఒకటే ఇల్లు, వెనుక పనివాళ్లకో గది. రాసిన తెల్లవాళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. ఆ మాట మాత్రం భూమితోపాటే చేతులు మారుతూ వస్తోంది. పక్కింటి దుదుజిలె తన స్థలం మీద దాన్ని ఎత్తివేయించుకుని, ఆసుపత్రి నర్సులకు అద్దెకివ్వడానికి చిన్న చిన్న ఇళ్లు కట్టాలనుకుంటోంది. ఆనుకుని ఉన్న ఇంటివాళ్లు అడ్డు చెబితే ఆ పని ఆగిపోతుంది. ఆ ఇల్లు వీళ్లది, భార్యాభర్తలిద్దరి పేరిటా ఉంది. ఇద్దరిలో ఒకరు సమ్మతించినా అభ్యంతరం నిలవదు. అందుకే సంఘం రాసిన అభ్యంతర పత్రంలో బెకిజిత సంతకం కింద హ్లెంగివే కోసం చోటు వదిలారు.

నల్లవాళ్లు పనివాళ్లుగా తప్ప ఇక్కడ నివసించరాదన్న వాక్యం కూడా అదే దస్తావేజులో ఉండేది. చట్టం దాన్ని కొట్టేసింది. మిగిలినదాన్ని బెకిజిత ‘మన వీధి మర్యాద’ అంటాడు. తనను బయట ఉంచడానికి బిగించిన తలుపుకు తానే కాపలా కాస్తూ, అందుకోసం టై కూడా కట్టుకున్న మనిషిని చూస్తే ఆమెకు కోపం రాదు. కోపం రావాలన్నా ఎదుటివాడిపై కొంత గౌరవం మిగిలి ఉండాలి.

షరతులు ఆమె మీదా ఉన్నాయి. జులూల ఆచారంలో కోడలు మామగారి పేరు పలకరాదు, ఆ పేరును పోలిన మాటా పలకరాదు. ఆయన పేరు వుమాని. జులూలో ‘ఒప్పుకోండి’ అని అర్థం. కాబట్టి పెళ్లయిననాటి నుంచి ‘న్గియవూమ’, ఒప్పుకుంటున్నాను, అన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు. ‘సరే’లతోనూ ‘మీ ఇష్టం’తోనూ నెట్టుకొచ్చింది. ఆయన పోయినా నిషేధం పోలేదు. జుట్టు నెరిసినా ఆ ఇంట్లో ఆమె ఇంకా మాకోటి, అంటే కొత్త కోడలే. విందుల్లో బెకిజితకు అదొక హాస్యం. “మా ఆవిడ దేనికీ ఒప్పుకున్నానని అనదు. చెప్పిందల్లా మాత్రం చేసేస్తుంది,” అంటాడు. అందరూ నవ్వుతారు.

ఆమె టీ పళ్లెంతో ముందుగదిలోకి వచ్చేసరికి ప్రిచర్డ్ అనే ముసలాయన కిటికీలోంచి పెరట్లోకి చూస్తున్నాడు.

“మీ వెనకగదిలో ఎవరో ఉంటున్నట్టున్నారే? రేపు ఆ పక్కింటావిడ వకీలు అదే పట్టుకుంటాడు.”

ఆ గదిలో ఉంటున్నది ఆమె చెల్లెలు నోముసా. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతోంది.

“పనిమనిషండీ,” అన్నాడు బెకిజిత. “పనిమనిషైతే షరతు ప్రకారం ఇబ్బందే లేదుగా.” భార్య వైపు చూడకుండానే కాగితం ముందుకు జరిపాడు. “మాకోటీ, ఆ టీ ఇచ్చేసి ఇక్కడో సంతకం పడేయ్.”

మంచాన పడ్డ ఈయన తండ్రికి చివరిదాకా ఒళ్లు తుడిచి, పక్క దుప్పట్లు మార్చింది ఆ పనిమనిషే. వుమాని కన్నుమూసింది ఆమె చేతుల్లోనే. ఈ కొడుకు అప్పుడు గుమ్మం దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

హ్లెంగివే పళ్లేన్ని సరిగ్గా ఆ కాగితం మీదే దించి, వంటింటి తలుపు గుండా బయటికి నడిచింది.

దుదుజిలె వరండాలో బఠాణీలు ఒలుస్తోంది. “ఏం మాంగుబనే,” అని పుట్టింటి పేరుతో పలకరించింది, “మీటింగయిందా? నన్ను ఉరి తీసేశారా?”

“తాడు వెతుక్కుంటున్నారక్కా. మీ సమ్మతి కాగితం తీసుకురండి.”

“మీ ఆయన ఊరుకుంటాడా?”

“ఇల్లు నా పేరిటా ఉంది.”

దుదుజిలె కాగితం తెచ్చి, ఆనవాయితీ కనుక అడిగింది: ఈ షరతు ఎత్తివేయడం నీకు సమ్మతమేనా? హ్లెంగివే తలెత్తి తమ ఇంటి కిటికీ వైపు చూసింది. రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి.

“న్గియవూమ,” అంది, వుమాని కొడుక్కి వినపడేలా.

కిటికీలో కప్పుల చప్పుడు ఆగిపోయింది. ఆమె సంతకం పెట్టి, చెల్లెల్ని లేపడానికి వెనకగది వైపు నడిచింది.