ల్లమ్రి అనలేని నోరు

ల్లెయికికి మొగుడు ఎడ్నవెడ్ నోట తన పేరు వినాలని ఉంది. అరవై దాటిన మనిషికి ఇదేం కోరిక అని నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. పక్షవాతం వచ్చి ఎడ్నవెడ్ మూతి వంకరపోయి మూడు నెలలైంది. నీళ్ళంటాడు, తలుపంటాడు. పెళ్ళాన్ని మాత్రం పేరు పెట్టి పిలవడు. నలభై ఏళ్ళు కొండమీద గొర్రెల మధ్య నుంచి కూడా ఇంటికి వినిపించేలా పిలిచిన మనిషి.

మా వేల్స్‌లో ఆ పేరు మొదటి అక్షరం పలకాలంటే నాలుక కొన పళ్ళ వెనక ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. ఇంగ్లీషువాళ్ళకు అది ఏడు జన్మలెత్తినా రాదు. ఓట్స్ పిండి నానబెట్టి, పులిశాక వడకట్టి, ఆ తేట కాచి గడ్డకట్టించే మా ల్లమ్రిని రుచి మరిగి పట్టుకుపోయారు. మీగడా పంచదారా దట్టించి, ఆ 'ల్ల' నోరు తిరక్క పేరును ఫ్లమరీ చేసి పెట్టారు. బాలా ఊరి సంతకొచ్చే ఇంగ్లీషువాళ్ళతో ఎడ్నవెడ్‌ది అదే వేళాకోళం.

"ఏం దొరా, నాలుక ఇంట్లో మరిచొచ్చావా? తిండి పేరు చెప్పమంటే బూర ఊదుతావేంటి?" అనేవాడు.

ఆ ఉదయం ల్లెయికి ల్లమ్రి గిన్నె ఆయన ముందు పెట్టి, పాలు పోసి, చెంచా మాత్రం చేతిలోనే ఉంచుకుంది. తన పేరు చెప్పించాలంటే అదే అక్షరమున్న ఈ తిండి పేరు నుంచే మొదలెట్టాలనుకుంది.

"ఇదేంటో చెప్పు, చెంచా ఇస్తా."

ఆయన గిన్నెవైపు చూశాడు. "ఫ్లమరీ" అన్నాడు చివరికి. చెవులదాకా ఎర్రబడ్డాడు.

ల్లెయికికి నవ్వు రాలేదు.

"అందుకా నన్ను పిలవనిది?"

"నీ పేరు... పాడు చెయ్యను" అన్నాడు ఆయన, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"పాడైతే అయింది. మూడు నెలల్నించీ ఈ ఇంట్లో పేరు లేకుండా తిరుగుతున్నా. మన గొర్రెలే నయం. పిలువయ్యా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె చెంచా ఆయన చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాడు. పాలు గడ్డంమీదికి కారాయి, తుడిచింది. చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే పట్టుకున్నాడు.

"ఫ్లెయికి."

అది ఆమె పేరు కాదు. సంతలో ఏ దొరసానో అలా పిలిచి ఉంటే వెనక్కి కూడా తిరిగేది కాదు.

"ఊఁ, ఇక్కడే ఉన్నా. చెప్పు" అంది.

ఆయనకు చెప్పాల్సిందేమీ లేదు. మళ్ళీ పిలిచాడు.