పదహారు పేజీల పాటలు

ఆత్మకూరులో నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్‌కు ఆ శనివారం నాయన కూడా వచ్చి కూర్చున్నాడు. సోమవారం మద్రాసులో ఆయన గొంతుకు ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు గానీ మాట ఇక రాదని డాక్టర్ తేల్చి చెప్పేశాడు.

నాయన ప్రేమానందం మాస్టారు. ఉదయగిరి చర్చిలో తాను కట్టిన పాటలు తానే ఒక్కో పాదం అందిస్తే జనం అందుకుంటారు. ఎవరూ రాసుకోలేదు. గొంతుతోపాటు పాటలూ పోతాయని నా దిగులు. అందుకే ఆదివారం ఆరాధనకు అందరి చేతుల్లో పుస్తకం ఉండాలని పట్టుబట్టాను.

వర్డ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఫ్లాపీలో సంపాదించాను. నాయన రాసిచ్చిన పాటలు వరసగా టైపు చేసి ఇస్తే, నాలుగు కాగితాలు మధ్యకు మడిచినప్పుడు పదహారు పేజీల పుస్తకమయ్యేలా పేజీలను అదే సర్దుతుంది. ముందు అన్నిటికీ ఒకవైపు అచ్చు వేస్తుంది. ఆ కట్ట తిరగేసి పెడితే రెండోవైపు. మొదటి కాగితం మీద పదహారో పేజీ పక్కన ఒకటో పేజీ ఉంటుంది. చూడ్డానికి గందరగోళమే. ఒక ప్రతి తీసి మడిచి చూశాను, బాగానే వచ్చింది.

మిగతా ప్రతులన్నిటికీ ఒకవైపు అయిపోగానే కరెంటు పోయింది. చివరి బస్సు సంగతి కనుక్కుందామని బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. నాయన అంచులు తట్టి కట్ట నా చేతికిచ్చాడు. హడావిడిలో చూడకుండా ప్రింటర్‌లో పెట్టేశాను.

ఆ చివరి బస్సుకే ఉదయగిరిలో ఇంటికొచ్చి మడుస్తుంటే ఒకటో పేజీ వెనక రెండో పేజీకి బదులు ఎనిమిదో పేజీ కనిపించింది. మిగతావి తీసి చూశాను. అన్నీ అంతే.

"నాయనా, కాగితాలు నువ్వేమైనా కదిలించినావా?"

"వరస తప్పినాయి గదే. ఎడంపక్క అంకెలు చూస్తే పదహారు పైనా, పది అడుగునా ఉండాయి. పుస్తకానికి నాలుగేసి తీసి, చిన్న అంకె పైకొచ్చేట్టు సర్దినాను."

ఏళ్ల తరబడి పరీక్ష పేపర్లు నంబర్ల ప్రకారం సర్దిన చెయ్యి. తిట్టాలనిపించింది, ఆ గొంతు విని తిట్టలేకపోయాను. ఆత్మకూరుకు తిరిగెళ్లే దారి లేదు.

ఆదివారం అవే పంచాం. మొదటి పేజీ తిప్పగానే కొందరు అక్కడున్న ఎనిమిదో పేజీ పాట, కొందరు రెండో పేజీ వెతుక్కుని ఆ పాట ఎత్తుకున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. నాయన పుస్తకం మూసి, ఎప్పటిలాగే పాదం అందించడం మొదలుపెట్టాడు. గొంతు వాడొద్దన్నారని సైగ చేశాను. వినలేదు. మూడో పాటలో ఆ గొంతు కాస్తా పూడుకుపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆడవాళ్ల వైపు నుంచి మాలకొండమ్మవ్వ తర్వాతి పాదం ఎత్తుకుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆమె వెనక అందరూ అందుకున్నారు. రెండో పాదంలో రాగం తప్పింది. సరిదిద్దబోయి నాయన చెయ్యెత్తాడు. కాసేపు విన్నాడు. ఆ చేతిని బల్ల మీదికి దించి, వాళ్లు పాడినట్టే తాళం వేశాడు.