పద్నాలుగో కిటికీ

రెండో అంతస్తులో ఉన్న ఆ చిన్న గదిని తానే కనిపెట్టానని పెటిఫర్ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. లాయరు కదా, అబద్ధమాడేటప్పుడు గొంతు కూడా తగ్గించడు. పక్కనే మెట్ల కమ్మీ తుడుస్తూ నేను వింటుంటాను. పంతొమ్మిదేళ్లుగా ఆ కమ్మీ తుడిచేది నేనే. నా పేరు బెరిల్ అని ఆయనకు తెలుసు. ఇంటిపేరు తెలియదు.

బ్రిస్టల్లో క్లిఫ్టన్ కొండ మీద ఒకదాన్నొకటి అతుక్కుని నిలబడ్డ రాతి ఇళ్లలో అదొకటి. రెండు వందల ఏళ్ల కిందట ఒక చక్కెర వ్యాపారి పెళ్లాంపిల్లల కోసం కట్టించాడు. ఇప్పుడు భోజనాల గదిలో రిసెప్షన్, పిల్లల గదిలో జిరాక్స్ మిషను, నేలమాళిగలోని వంటింట్లో పాత ఫైళ్లు. ఇల్లు ఆఫీసయింది గానీ పద్ధతి మారలేదు. ముందున్న వెడల్పాటి మెట్లు వాళ్లవి, వెనకున్న ఇరుకు మెట్లు నావి. చేరిన వారంలోనే పెటిఫర్ చెప్పాడు, బకెట్టుతో క్లయింట్లకు ఎదురుపడితే బాగుండదని.

నా మెట్లు ఒక పక్కనే అరిగిపోయి ఉంటాయి. ఎందుకా అని చాలా రోజులు ఆలోచించాను. ఒక ఉదయం నిండు బకెట్టుతో ఎక్కుతుంటే అర్థమైంది. కుడిచేతిలో బరువుంటే మనిషి ఎడమ గోడకు ఒరిగి ఎక్కుతుంది. ఎంతమంది అలా ఎక్కితే రాయి అంత లోతున అరుగుతుంది? పదిహేనేళ్లకే బడి మానేసినదాన్ని, నాకు లెక్క తేలలేదు. కానీ ఆ రోజునుంచి ఆ ఇంటిని తుడవడం, చదవడం రెండూ ఒకటే పనయ్యాయి నాకు.

చెత్తడబ్బాలు పెట్టడానికి పెరట్లోకి వెళ్లినప్పుడల్లా కిటికీలు లెక్కపెట్టేదాన్ని. బయటనుంచి పద్నాలుగు. లోపల ఆ పెరటి వైపు నేను తుడిచేవి పదమూడు. పెటిఫర్ని అడిగితే నవ్వాడు. "కిటికీ పన్ను, బెరిల్. పూర్వం కిటికీకి ఇంత అని పన్ను వేసేవారు. అందుకని మూసేశారు." మా ఊళ్లో మూసిన కిటికీ ఏది చూపించినా, ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. బస్సు డ్రైవరూ చెబుతాడు, పాదిరీ చెబుతాడు. కానీ పన్ను కోసం మూసిన కిటికీకి ఇటుకలుంటాయి. దీనికి అద్దం ఉంది. అద్దానికి లోపలినుంచి నల్లరంగు ఉంది. రంగు వేసిన మనిషి నిలబడటానికి లోపల చోటుండాలి కదా?

ఇంకో సంగతి. పెటిఫర్ గది వెనక నడవలో, గోడకు కొట్టిన చెక్కల అడుగున ఎప్పుడూ ధూళి పేరుకుంటుంది. ఒక్క గజం మేర మాత్రం పేరుకోదు. టిష్యూ కాగితం చింపి అక్కడ పట్టుకుంటే, అది లోపలికి వంగింది.

ఇంట్లో డెరిక్‌కి చెప్పాను. రైల్వేలో రిటైరయ్యాడు మా ఆయన. "నీకు జీతమిచ్చేది తుడవడానికా, కిటికీలు లెక్కపెట్టడానికా?" అన్నాడు, చేతిలోని బొమ్మ ఇంజనుకు నూనె వేస్తూ. మా అమ్మాయి పెళ్లయి వెళ్లాక ఆమె గదిలో కిటికీ పక్కన నాకొక కుర్చీ వేసుకుంటానన్నాను. వారం తిరక్కుండా గదంతా బల్లలు, బల్లల మీద బొమ్మరైలు పట్టాలు. "నీకు ఇల్లంతా ఉంది కదా" అన్నాడు. ఉంది. వండటానికి, ఉతకడానికి, సర్దటానికి. ఆఫీసులోనూ అంతే. మెట్ల కింది అరలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని శాండ్‌విచ్ తినేదాన్ని, ఆ యేడు ఆ అర కంప్యూటర్ వైర్లకు ఇచ్చేశారు. అప్పటినుంచి నిలబడే తినడం.

డెరిక్ టేపు సంచిలో వేసుకెళ్లాను. నడవ పొడవుకూ దాని పక్కనున్న గదుల పొడవుకూ ఆరడుగుల తొమ్మిదంగుళాలు తేడా వచ్చింది. మంగళవారం, ఇంకా ఎవరూ రాకముందు, రంగు అతుక్కుపోయిన చెక్కల సందున వెన్న రాసే చాకు దూర్చాను. చెక్క కదిలింది. గోడలాగే కనిపించేలా చేసిన తలుపు అది.

లోపల లోతులేని రాతి తొట్టి, ఒక అర, ఒక కొక్కెం, మూడు కాళ్ల పీట. నాలుగడుగుల రెండంగుళాల వెడల్పున పనిపిల్ల గది. పీట వెనక సున్నం మీద నల్లగా, నున్నగా అరచేయంత మచ్చ. ఏమిటా అని పీట మీద కూర్చుని చూశాను. నా తల సరిగ్గా అక్కడ ఆనింది.

గోరుతో కిటికీ రంగు గీకితే నాణెమంత వెలుగొచ్చింది. పదకొండు వారాలు రోజూ ఇరవై నిమిషాలు అక్కడ కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పెటిఫర్‌కు గదికి ఆనుకుని సొంత బాత్రూమ్ కావాలనిపించింది. ఆ గోడ కొట్టాలి. పాత ఇల్లు కాబట్టి కౌన్సిల్ ఒప్పుకోవాలి. మిస్ హోల్‌బ్రూక్ అనే ఆవిడ చూడటానికొచ్చింది. పెటిఫర్ ప్లాను చూపించాడు. ఎవరో ఎప్పుడో గీసినదానికి నకలు, అందులో అక్కడ దళసరి గోడ. పెరట్లోంచి కనిపించే ఆ కిటికీ సంగతేమిటని ఆవిడే అడిగింది.

"పన్ను కిటికీ" అన్నాడాయన.

"అవును, ఇక్కడ చాలా ఉన్నాయి" అని రాసుకుంది.

గుడ్డ పట్టుకుని మెట్ల మలుపులో నిలబడ్డాను. నోరు మూసుకుంటే పై సోమవారానికి పీట, తొట్టి, ఆ తల మచ్చ అన్నీ కూల్చిన గోడ చెత్తలో కలుస్తాయి. తెరిస్తే అవి మిగులుతాయి, నాకు మాత్రం మిగలవు. ఆవిడ రెండు మెట్లు దిగింది.

"ఆ కిటికీకి అద్దం ఉందండీ" అన్నాను.

ఆవిడ ఆగింది.

"బెరిల్, కింద టీ కప్పులున్నాయి, చూడు" అన్నాడు పెటిఫర్.

"అవెక్కడికీ పోవు, మిస్టర్ పెటిఫర్."

వెళ్లి చెక్క మీద నొక్కాను. మిస్ హోల్‌బ్రూక్ స్కర్టు మాసిపోతుందని కూడా చూసుకోకుండా మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూసింది. మీకెలా తెలిసిందని నన్నే అడిగింది. ధూళి పట్టడం లేదని చెప్పేలోపే వెనకనుంచి పెటిఫర్ అన్నాడు, "నాకు ఎప్పటినుంచో అనుమానమే."

గోడ నిలిచింది. గదికి అడ్డంగా గాజు పలక బిగించారు, పీటకు నంబరు చీటీ కట్టారు. లోపలికి ఎవరూ వెళ్లకూడదు. గాజు మీద వేలిముద్రలు తుడిచే పని నాది.

"ఇంతా చేసి నీకేం ఒరిగింది?" అన్నాడు డెరిక్ ఆ సాయంత్రం. టేపు తీసుకుని మేడమీద అమ్మాయి గదిలోకి వెళ్లాను. కిటికీ దగ్గర, రైలు స్టేషను బొమ్మకు ఇవతల, మోకాళ్ల మీద కూర్చుని కొలవడం మొదలుపెట్టాను. వెనకాలే వచ్చాడు.

"ఏం కొలుస్తున్నావ్?"

"ఒకచోట పోగొట్టుకున్నాను, ఇక్కడ తీసుకుంటున్నాను. ఆ బల్ల జరుపు" అన్నాను. "ఆరడుగుల తొమ్మిదంగుళాల పొడవు, నాలుగడుగుల రెండంగుళాల వెడల్పు. ఇరవై ఎనిమిది చదరపు అడుగులు, పైన ఇంకో అడుగులో ఎనిమిదో వంతు."