నచ్చినట్టు కనపడకూడదు

కొట్టు మెట్లెక్కబోతూ బావ ఆగాడు.

"చూడు పిల్లీ, లోపలికెళ్లాక ఒక్కటే గుర్తుపెట్టుకో. నీకు ఏది నచ్చితే దాన్ని చూసి ముఖం చిట్లించు. నచ్చినట్టు కనపడ్డావో, వాడిక ధర దించడు."

"నచ్చనిదైతే?"

"దాన్ని చూసి నవ్వు. వాడి ధ్యాస అటు మళ్లుతుంది."

ఆమె తలూపింది. నడిస్తే అడుగుల చప్పుడు వినపడదని మరదలికి పిల్లి అని పేరు పెట్టింది బావే. బేరంలో ఆయన దిట్ట. ఆయన అడుగుపెడితే కొట్టువాళ్లు గల్లాపెట్టె మీద చెయ్యేసుకుంటారని ఇంట్లో చెప్పుకుంటారు. గిటారు కొనుక్కుంటానని ఆమె అన్ననాడు, "నిన్నొక్కదాన్నీ పంపితే వాడు చెప్పిన ధరకు తెచ్చి, పైగా థాంక్స్ చెప్పి వస్తావు" అని తానే బయల్దేరాడు. అక్కయితే నవ్వు ఆపుకోలేకపోయింది. "నోరు తెరిచి ఇంకాస్త కూర వెయ్యమని అడగవు. నీకు గిటారెందుకే?"

ఎందుకో ఆమె చెప్పలేదు. చెబితే అర్థమయ్యే సంగతిలా లేదు.

వాళ్లింటి పై వాటాలో ఒకావిడ అద్దెకుండేది. పనినుంచి రాగానే చెప్పులు విడిచిన చప్పుడు, కాసేపటికి కుర్చీ లాగిన చప్పుడు, ఆ తర్వాత గిటారు. ఎప్పుడూ ఒకటే పాట. సగం దాకా వచ్చి ఒకచోట తడబడేది. ఆగి, మళ్లీ మొదట్నుంచి. కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో రోజంతా అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి వచ్చిన ఆమె, కింద తమ వాటాలో ఆరిన బట్టలు మడతపెడుతూ వినేది. ఈసారి దాటుతుందేమోనని చేతిలో మడత అలాగే ఉండిపోయేది. మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా నాకూ నేర్పుతారా అని అడగాలనుకునేది. తీరా నోరు తెరిస్తే, "ఆ సంచీ ఇటివ్వండి, పైకి తెచ్చిపెడతాను" అని వచ్చేది.

ఒకరోజు ఆవిడ సామానంతా వ్యానెక్కింది. తర్వాత వచ్చినవాళ్లకు టీవీ ఉంది. అప్పట్నుంచి సాయంత్రాలు గొంతు పోయిన మనిషిలా అయిపోయాయి. దుకాణంలో పొద్దుపోయేదాకా ఉండి పనిచేసినందుకు వచ్చిన డబ్బు ఆమె ముట్టుకోకుండా దాచింది.

కొట్లో గిటార్లన్నీ గోడకు మెడలు తగిలించుకుని వేలాడుతున్నాయి. యజమాని పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎంతలో కావాలో అడిగి, "కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇందులో వచ్చేవి ఈ రెండే" అని దించాడు.

ఒకటి నల్లగా, నిగనిగలాడుతూ, ఆమె నడుం కంటే వెడల్పుగా ఉంది. ఇనప తీగలు. ఆయన మీటగానే పళ్లెం కిందపడినట్టు ఖంగుమంది. రెండోది చిన్నది, ఎవరో వాడి వదిలేసింది. గుండ్రటి రంధ్రం కింద ఎవరివో వేళ్లు రాసుకుని రాసుకుని మెరుగు పోయి, తెల్లటి కర్ర బయటపడింది. దానివి నైలాను తీగలు. ఆయన బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్కసారి మీటాడు.

పై వాటా గిటారే మెట్లు దిగి వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది.

ఆమెకు బావ చెప్పింది గుర్తొచ్చింది. ముఖం చిట్లించింది. "పాతదిలా ఉంది" అని పెదవి విరిచి అటు తిరిగింది. నల్లదాన్ని చూసి, పళ్లు కనపడేలా నవ్వింది.

బావ రంగంలోకి దిగాడు. నల్లదాన్ని తిప్పి తిప్పి చూశాడు. కుండను కొట్టినట్టు వేలితో కొట్టి చూశాడు. "ఏం మాస్టారూ, మోత తప్ప మాట లేదే ఇందులో?" అన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్లాడు. పిలిపించుకున్నాడు. మళ్లీ వెళ్లాడు. ఎంత చక్కగా నడిపిస్తున్నాడో అనుకుంటూ ఆమె గోడ మీది గిటార్లన్నీ చూస్తూ నిలబడింది. ఇప్పుడో ఇంకాసేపటికో చిన్నదాని వైపు తిరుగుతాడు. 'పోనీ ఆ పాతది ఎంతకిస్తారు' అంటాడు.

చర్రున జిప్పు లాగిన చప్పుడైంది. నల్లది బ్యాగులోకి వెళ్లిపోయింది.

"బ్యాగు ఉచితం, భుజాన వేసుకునే పట్టీ ఉచితం" అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ. "నువ్వు మనసు పడ్డదాన్ని ఎంతకు దించానో చూశావా?"

"నాకు నచ్చింది అది కాదు బావా."

"నవ్వావుగా?"

"నచ్చనిదాన్ని చూసి నవ్వమన్నారుగా."

బావ చెమట తుడుచుకోవడం ఆపాడు. "నువ్వు నిజంగానే చేశావా? నీ ముఖానికి అంత నటన వచ్చని నేనేం కలగన్నానా?" గొంతు తగ్గించాడు. "పోనీలే. కొత్తది, పెద్దది. మాటిచ్చేశాం కూడా. ఎవరో వాడి పారేసింది నీకెందుకు చెప్పు? పద."

బ్యాగు ఆమె భుజానికి తగిలించాడు. అది వెనక మోకాళ్ల దాకా వచ్చింది. బావ ఇంత శ్రమపడ్డాడు. ఇంకేమంటే ఏం బాగుంటుంది? బావ డబ్బు లెక్కపెడుతుండగా గుమ్మం దాకా నడిచింది. ఒక కాలు బయటపెట్టింది. ఇంటికెళ్తుంది, ఇది గోడకు ఆనించి ఉంటుంది. చిన్నది ఎవరింటికో వెళ్లిపోతుంది. పై వాటా ఆవిడలాగే, ఏ వ్యానెక్కి ఎటు పోయిందో కూడా తెలియదు.

వెనక్కి తిరిగి వచ్చి బ్యాగు బల్ల మీద పెట్టింది.

"నాకు ఆ చిన్నది కావాలండీ." తన గొంతు తనకే పెద్దగా వినపడింది.

"తెలుసమ్మా" అన్నాడు యజమాని తాపీగా. "కొట్లో ఉన్నవన్నీ చూశావు. దాన్నొక్కదాన్నే మళ్లీ చూడలేదు."

"మరి చెప్పలేదేం?" అన్నాడు బావ.

"మీరంత ముచ్చటగా బేరమాడుతుంటే మధ్యలో నేనెందుకు రావాలి?"

చిన్నదాని ధర ఆయన చెప్పిందే. అణువంత కూడా తగ్గలేదు. బ్యాగు లేదు, పట్టీ లేదు. బావ ఏదో అనబోతే పెద్దాయన ఆమె ముఖం కేసి చూసి నవ్వాడు. ఆ ముఖం చూశాక ఇక బేరమేముంటుంది? దాచిందంతా బల్ల మీదికి వెళ్లిపోయింది.

"మీ అక్కకి మాత్రం తగ్గించాడని చెప్పు" అన్నాడు బావ బయటికొచ్చాక. "నా పరువు నీ చేతిలో ఉంది."

బస్సులో ఆమె గిటారును అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కసీటు పెద్దావిడ దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"ఏదీ, ఒకటి వాయించమ్మా."

"నాకు రాదండీ."

"రాందే ఎందుకు కొన్నావు?"

"వినాలని" అంది ఆమె.

పెద్దావిడకు అది సమాధానంలా తోచినట్టు లేదు, కిటికీ వైపు తిరిగింది. ఆమె అన్నింటికంటే లావు తీగను బొటనవేలితో మెల్లగా నొక్కి వదిలింది. బస్సు మోతలో శబ్దం ఎవరికీ వినపడలేదు. కానీ ఆనుకున్న చెక్క లోంచి ఆ వణుకు ఆమె పక్కటెముకల్లోకి వచ్చింది. అన్ని సాయంత్రాలు కింద నిలబడి విన్నా ఇలా ఉంటుందని తెలియలేదు. పైన ఆవిడకు రోజూ ఇలాగే ఉండేదేమో.

వణుకు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ఆమె బొటనవేలు మళ్లీ తీగ మీద పెట్టింది.