తాగని టైలు

మోకాళ్ళ మీద జరుగుతూ మేస్త్రి ఒక్కో టైలునీ వేలి కణుపుతో తట్టి, చెవి వంచి వింటున్నాడు. గట్టిగా పలికితే ముందుకు, డొల్లగా పలికితే ఆగడం. అంచుల్లో ఎగుడుదిగుడులు బొటనవేలు చెబుతుంది. ఎన్నో ఇళ్ళ నేలలు తడిమిన ఆ వేలికి గోరు సగమే మిగిలింది. కొంతకాలంగా కళ్ళు చేయాల్సిన పని కూడా అతను చేతులకీ చెవులకీ పంచేశాడు. ఇది కోసి తీసేసే పొర కాదు, కంటి నరమే ఎండిపోతోంది అని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. పక్కనే పనిచేసే బామ్మర్దికి అసలే చెప్పలేదు. వాడి చెవిన వేస్తే వాళ్ళక్క ముందు మైకు పెట్టినట్టే.

హాలంతా తెల్లటి పాలిష్ టైళ్ళు. సందుల్లో నల్ల గ్రౌటు నింపాలని ఇంటావిడ ముచ్చటపడింది.

"టైళ్ళకి నలుపు పట్టకుండా ముందు సీలరు కొట్టాలట కదా మేస్త్రీ?" అంది గుమ్మంలో నిలబడి.

"అన్నిటికీ అక్కర్లేదమ్మా. కొన్ని టైళ్ళు తాగుతాయి, కొన్ని తాగవు. చూసి చెప్తాను."

పైకి అద్దంలా ఉన్నా, పాలిష్ పట్టినప్పుడు తెరుచుకున్న కంటికానని రంధ్రాల్లోంచి కొన్ని టైళ్ళు రంగుని లోపలికి పీల్చుకుంటాయి. దాన్నే పనివాళ్ళు తాగడం అంటారు. ఆవిడ వెళ్ళాక అతను మిగిలిపోయిన టైలొకటి కిటికీ కింద పెట్టి, తన గ్లాసులోంచి ఒక టీ చుక్క దాని మీద వేశాడు.

అది తాగకూడదని కోరుకున్నాడు. దేన్నయినా అంతగా కోరుకుని చాలాకాలమైంది. సీలరు పూశాక పైన మిగిలింది ఆరకముందే తుడిచేయాలి. లేకపోతే మసక కట్టి ఒక పట్టాన వదలదు. ఆ మసక వేలికి తెలియదు, కంటికే తెలియాలి. కిందటి ఇంట్లో మసక టైలు మీద ఉందో తన కంట్లో ఉందో అతనికి తేలలేదు. "ఇంకోసారి ఇలా చేస్తే ఇక ఇంటి దగ్గరే కూర్చో" అన్నాడు కాంట్రాక్టరు. బామ్మర్దిని చూడమంటే సరిపోయేది. కానీ అడగడమంటే చెప్పేయడమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భోజనాలయ్యాక తడిగుడ్డతో టీ చుక్క తుడిచి టైలుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అటూ ఇటూ వంచాడు. తెల్లగానే ఉంది. ఆ మాటకొస్తే గోడా కిటికీ కూడా తెల్లగానే ఉన్నాయి. వేలితో రాశాడు. నున్నగా తగిలింది.

"తాగలేదురా. ఇది నీలాంటిది కాదు, బుద్ధిమంతురాలు" అన్నాడు బామ్మర్దితో.

బామ్మర్ది టైలు వంక చూశాడు. మాటకి మాట అంటించకుండా ఊరుకునే రకం కాదు వాడు, చావింట్లో కూడా నలుగుర్ని నవ్విస్తాడు. ఇప్పుడు మాత్రం టైలు మీంచి బావ కళ్ళ వైపు చూశాడు.

"అంతేనంటావా బావా?" అన్నాడు చివరికి, మెల్లగా.

ఆ మెత్తదనంతోనే మరక ఉందని అతనికి తెలిసిపోయింది. ఇప్పుడైనా "నువ్వు చూడరా" అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"అంతే. గ్రౌటు కలుపు" అన్నాడు.

సాయంత్రం ఇంటావిడ వచ్చి లైటు వేసింది. గోళ్ళలో మట్టి పట్టినట్టు ప్రతి టైలు అంచులోనూ నలుపు దిగింది.

"ఇదేంటి మేస్త్రీ? సరిగ్గా తుడవలేదా?"

"తుడిచామమ్మా" అంటూ బామ్మర్ది ముందుకొచ్చాడు. "నేనే తొందరపడి సీలరు వద్దన్నాను."

ఇన్నేళ్ళలో వాడు బావని వెనకేసుకురావడం ఇదే మొదలు. మేస్త్రికి అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"వాడు కాదమ్మా. నేనే వద్దన్నాను. మరక నాకు కనపడలేదు."

ఆవిడ అతని కళ్ళలోకి చూసింది. అతను తాపీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బామ్మర్ది చేతిలో పెట్టాడు.

"నాకెందుకు బావా? రేపు నీకు కావాలి కదా."

"రేపేముందిరా. మీ అక్కతో నేనే చెప్తాలే."

గోడ పట్టుకుని, ఒక్కో మెట్టునీ పాదంతో వెతుక్కుంటూ దిగి వెళ్ళిపోయాడు.

కిటికీ కింద ఆ టైలు అలాగే ఉంది, నడిమధ్య చొక్కా గుండీ అంత టీ మరకతో, గుమ్మంలోంచి చూసినా కనపడేంత ఎర్రగా.